నికాన్ ఎఫ్ఎం2, ఎఫ్80: బెజవాడలో వాడేవాళ్లకి ఏది నయం?

సెకండ్‌హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొనేవాళ్లకి మా ఓటు ముందే చెప్పేస్తున్నాం. ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకోవాలంటే ఎఫ్ఎం2. వెలుతురు కొలిచే మీటర్‌లోనూ ఫోకస్‌లోనూ ఎఫ్80దే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ దాని సర్క్యూట్ పోయిందంటే ఇంకో పాత కెమెరా విప్పి ముక్క తీసుకోవాల్సిందే.

1982లో వచ్చిన ఎఫ్ఎం2 షట్టర్ మొత్తం స్ప్రింగులు, పళ్ల చక్రాల మీదే నడుస్తుంది. సెకను నుంచి 1/4000 దాకా ఏ స్పీడుకీ బ్యాటరీ అక్కర్లేదు. అడుగున వేసే రెండు ఎల్ఆర్44 బిళ్లలు మీటర్ కోసమే. అవి అయిపోయినా పని ఆగదు. ప్రకాశం బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నం మబ్బు లేని ఎండలో, 200 ఐఎస్ఓ (ఫిల్ము వెలుతురు పట్టే వేగం) ఫిల్ముకి అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్16, షట్టర్ స్పీడు 1/250 పెట్టి తీసేయొచ్చు. 2000లో వచ్చిన ఎఫ్80కి మాత్రం రెండు సీఆర్123ఏ సెల్స్ లేనిదే షట్టర్ కదలదు. రోల్ మధ్యలో అవి అయిపోతే ఫిల్ముని చేత్తో వెనక్కి చుట్టే పిడి కూడా లేదు, వెలుతురులో తలుపు తెరిస్తే తీసినవన్నీ పోతాయి. తెనాలిలో పెళ్లికి వెళ్తున్నా సరే, సంచిలో ఇంకో జత సెల్స్ ఉండాలి.

కృష్ణ మీద ఎండ మెరుస్తున్నప్పుడు ఎఫ్ఎం2 మీటర్ మోసపోతుంది. ఫ్రేము మధ్యభాగానికి 60 శాతం తూకం ఇస్తుంది కాబట్టి నీళ్ల మెరుపు చూసి వెలుతురు ఎక్కువుందనుకుంటుంది, ముందున్న మనిషి నల్లగా పడతాడు. కెమెరాని ముందు ఘాటు మెట్ల వైపు తిప్పి మీటర్ చూసుకుని, ఆ సెట్టింగ్ కదపకుండా మనిషిని తియ్యండి. ఫ్రేముని భాగాలుగా చేసి కొలిచే ఎఫ్80 మ్యాట్రిక్స్ మీటర్‌తో ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

కొనేటప్పుడు బాడీ తళతళ చూసి డబ్బులివ్వకండి. ఎఫ్ఎం2 చేతికి రాగానే లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, స్పీడు 1 సెకను పెట్టి నొక్కండి. గిర్రుమనే శబ్దం ఒకే వేగంతో సాగి టక్కున ఆగాలి. మధ్యలో నత్తి కొట్టినట్టు తడబడితే లోపలి నూనె చిక్కబడిందన్నమాట. సర్వీసుతో సరిపోతుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. తర్వాత 1/4000 పెట్టి, వెనక నుంచి ఆకాశం వైపు చూస్తూ నొక్కండి. ట్యూబ్‌లైటు వైపు వద్దు, దాని మినుకు మోసం చేస్తుంది. మెరుపులా కనిపించే తెల్లటి దీర్ఘచతురస్రం నిండుగా ఉండాలి. పైనో కిందో చీకటి పట్టీ ఉంటే షట్టర్ తెరల వేగం తేడా వచ్చింది, వదిలేయండి. ఆ షట్టర్ రేకులు చాలా పలచన, వేలు తగలనివ్వకండి.

వెలుతురు చొరబడకుండా తలుపు అంచుల్లో ఉండే నల్ల స్పాంజిని అగ్గిపుల్లతో మీటి చూడండి. తారులా అంటుకుంటే మార్చాల్సిందే, లేకపోతే కలర్ ఫోటోల అంచున నారింజ చారలు వస్తాయి. స్పిరిట్‌లో ముంచిన పుల్లతో పాతది గీకేసి కొత్త స్పాంజి పట్టీ అతికించుకోవచ్చు. ఆ ముక్కలు అద్దం మీద, షట్టర్ మీద రాలకుండా చూసుకోండి.

ఎఫ్80 వెనక రబ్బరు పూత పాతబడి బెల్లప్పాకంలా జిగురెక్కుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే వదులుతుంది, దానికి భయపడక్కర్లేదు. తలుపు కొక్కెం విరగలేదని, పై డిస్‌ప్లేలో అంకెలు పూర్తిగా కనబడుతున్నాయని మాత్రం చూసుకోండి.

లెన్సుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. చేత్తో ఫోకస్ చేసే పాత ఏఐ-ఎస్ రకం లెన్స్ ఎఫ్80కి తగులుకుంటుంది గానీ మీటర్ పనిచెయ్యదు. జి రకం లెన్స్‌కి అపర్చర్ రింగే లేదు, ఎఫ్ఎం2 మీద దండగ. రెండింటికీ సరిపోయేది 50 ఎంఎం ఎఫ్1.8 డి. కొనేముందు అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి కొట్టి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. మన వానాకాలపు తేమలో ఇంకా పాకుతుంది. మంచి లెన్స్‌ని కూడా తోలు కేసులో పెట్టకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.