డవ్‌డేల్ నడకకు నా తోడు: ఆర్డ్నెన్స్ సర్వే మ్యాపు ఓఎల్ 24

పోయిన జులైలో ఇంగ్లండ్‌లోని స్టాన్‌షోప్ అనే పల్లె దగ్గర ఒక రైతు నన్ను ఆపారు. ఆయన పశువుల కొట్టం ముందున్న గచ్చు మీద ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. "ఇటు దారి లేదండీ, ఇది మా ఇంటివాళ్ళు నడిచే బాట" అన్నారు, మర్యాదగానే. నా ఫోన్‌లోని ఉచిత యాప్ మాత్రం అక్కడ దారి ఉందనే చూపిస్తోంది. ఒక్కదాన్నే కాబట్టి సారీ చెప్పి వెనక్కి తిరిగాను. సెప్టెంబరులో గైడుగా నడిపిస్తూ నా వెనక పద్దెనిమిది మంది ఉన్నప్పుడు ఇలా జరిగితే ఏం చేయాలి? ఆ టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే ఆష్‌బోర్న్ వెళ్ళి బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసిన ఈ మ్యాపు, ఓఎల్ 24, కొన్నాను.

నేను డర్బీలో ఉంటాను. ఇక్కడి నడక పండుగలో, అంటే జనం గుంపులుగా గైడు వెంట నడిచే వేడుకలో, గైడుగా వాలంటీరు చేయడం నాకు అదే మొదటిసారి. నా నడక ఐలంలో మొదలై, డవ్‌డేల్ లోయలో డవ్ నది ఒడ్డున మిల్‌డేల్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి స్టాన్‌షోప్ మీదుగా పొలాల్లో తిరిగి ఐలం చేరుతుంది. దాదాపు 12 కిలోమీటర్లు. ముందు రెండుసార్లు రెక్కీ చేయాలి, అంటే దారంతా నడిచి చూసి రావాలి, ప్రమాదాల ఫారం నింపాలి, ఆ రోజు ప్రతి మలుపులోనూ తలలు లెక్కపెట్టుకోవాలి. చివర్న నడవడానికి ఇంకో వాలంటీరు ఉంటారు. ఆ మనిషిని దాటి ఎవరూ వెనకబడకూడదు.

ఓఎల్ 24 అంటే పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోని వైట్ పీక్ ప్రాంతం: బక్స్‌టన్, బేక్‌వెల్, మ్యాట్‌లాక్, డవ్‌డేల్. కాగితానికి ఒకవైపు పడమటి భాగం, రెండోవైపు తూర్పు భాగం. నా నడక మొత్తం పడమటి వైపే ఉంది.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనవి ఆకుపచ్చ చుక్కగీతలు. పొట్టి గీతలు వరసగా ఉంటే కాలినడక హక్కు దారి, పొడుగు గీతలైతే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళొచ్చు. దారి మధ్యలో ఎవరి పొలం ఉన్నా సరే, ఆ గీత మీద నడిచే హక్కు అందరికీ ఉంది. నల్ల చుక్కగీతలు వేరు. అక్కడ నేల మీద బాట కనిపిస్తుంది, అంతే. బాట గీసినంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదని మ్యాపు మీదే అచ్చువేశారు. రైతు నన్ను ఆపిన చోట ఉన్నది నల్ల చుక్కగీత. ఆకుపచ్చ గీత ఆయన కొట్టానికి ఇవతలే, గోడ వెంబడి పోతోంది.

ఇది చూడగానే మా నాన్నగారు గుర్తొచ్చారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఆయన తెనాలి దగ్గర ఒక ఊరికి కరణం. గుడ్డకు అంటించిన గ్రామ పటం మా ఇంట్లో చుట్టి ఉండేది. "డొంక మీద ఎవరైనా నడవొచ్చు, గట్టు మీద నడవాలంటే ఆసామి ఊ అనాలి" అనేవారు. ఆయన పటంలో డొంకకూ గట్టుకూ ఉన్న తేడాయే ఇక్కడ ఆకుపచ్చకూ నలుపుకూ ఉంది. ఇంత దూరం వచ్చాక అదే పాఠం మళ్ళీ చేతికందింది.

రెండో గొప్పతనం పొలాల గోడలు. ఇది 1:25,000 స్కేలు, నేల మీద కిలోమీటరు కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు. వైట్ పీక్ అంతా సున్నపురాయి గోడలే, ఒక్కో గోడా సన్నని నల్లగీతగా ఇందులో ఉంది. గులాబీ అట్ట వేసిన 1:50,000 మ్యాపులో పొలాల గోడలు ఉండవు. కారు ప్రయాణానికి అది చాలు, గైడుకు చాలదు.

పండుగ రోజున ఈ తేడా బాగా తెలిసొచ్చింది. పొద్దున అంతా ఎండ. డవ్‌డేల్‌లో నది మధ్య వేసిన రాళ్ళ దగ్గర ఆగి, నదే రెండు కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) సరిహద్దని మ్యాపులో చూపించాను. ఒక్కో రాయీ దాటుతూ స్టాఫర్డ్‌షైర్ నుంచి డర్బీషైర్‌కు వెళ్ళాం. ఒక పెద్దాయన మధ్య రాయి మీద ఆగి ఫొటో తీయించుకున్నారు. మిల్‌డేల్ రాతి వంతెన దగ్గర భోజనాలు. స్టాన్‌షోప్ ఎక్కేసరికి వాన, దానితో పాటు పొగమంచు. రెండు పొలాల అవతల ఏముందో కనిపించడం లేదు, ఫోన్ తడిసి వేలు పెడితే పలకడం లేదు. మ్యాపు తీసి గోడలు లెక్కపెట్టాను. మూడో గోడ దాటాక దారి మూలగా పోవాలి, ఆ తర్వాత గోడను ఎడమచేతి పక్కన ఉంచుకోవాలి. ఒకటి, రెండు, మూడు. మూడో గోడలో మనిషి పక్కకు తిరిగి దూరేటంత రాతి సందు, పక్కనే పసుపు బాణం గుర్తు. అది కనిపించాక గానీ నా గుండె కుదుటపడలేదు. మళ్ళీ తలలు లెక్కపెట్టాను, పద్దెనిమిది.

మ్యాపు చెప్పనివి కూడా ఉన్నాయి. గోడ ఎక్కి దిగే మెట్లూ, ఆ రాతి సందులూ ఇందులో ఉండవు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ముందే అడుగుతారు కాబట్టి రెక్కీలో నేను పద్నాలుగు లెక్కపెట్టి పెన్సిల్‌తో గుర్తుపెట్టుకున్నాను. దూడలతో ఉన్న ఆవులు ఏ పొలంలో ఉంటాయో ఏ మ్యాపూ చెప్పలేదు. ఐలం దగ్గరి మానిఫోల్డ్ నది సంగతీ అంతే. వేసవిలో ఆ నీళ్ళు ఎగువన భూమిలోకి దిగిపోయి ఐలం పార్కులో పైకి వస్తాయి. మ్యాపు చూసి ఒడ్డున కూర్చుందాం అనుకున్న చోట రెక్కీలో నాకు ఎండిన రాళ్ళే కనిపించాయి. రెక్కీ మానేసి మ్యాపు ఒక్కదాన్నే నమ్ముకుంటానంటే నేను ఒప్పుకోను.

సమయం లెక్కకు నేను నైస్మిత్ సూత్రం వాడాను. 1892 నాటిది: గంటకు ఐదు కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ ప్రకారం నా నడకకు మూడు గంటలు చాలాలి. భోజనం, ఫొటోలు, రాతి సందుల దగ్గర వరస, అన్నీ కలిసి మాకు ఐదు గంటలు పట్టింది. గుంపును నడిపించేవాళ్ళు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

కొనేవాళ్ళకు నా సలహా, కాస్త ఎక్కువైనా ప్లాస్టిక్ పూత ఉన్న రకమే కొనండి. కాగితం కాగితమే, ఇక్కడి వానకు ఆగదు. ఆ రోజు నా చేతిలో ఉన్నది పూత ఉన్నదే, ఇంటికొచ్చి గుడ్డతో తుడిస్తే సరిపోయింది. విప్పితే మాత్రం మంచం మీద దుప్పటంత ఉంటుంది, గాలిలో ఒక్కరే పట్టుకోలేరు. బయల్దేరే ముందే ఇంట్లో మీ దారి పైకి వచ్చేలా మడిచి పెట్టుకోండి. అట్ట లోపల గీకితే ఒక కోడ్ వస్తుంది, దానితో ఇదే మ్యాపును ఫోన్‌లోకి దించుకోవచ్చు. నేను దించుకున్నాను, అయినా కాగితమే ముందు తీస్తాను.

వచ్చే సెప్టెంబరుకు వెట్టన్ నుంచి థోర్స్ కేవ్ అనే గుహకు వెళ్ళే నడక నాకిచ్చారు. అదీ ఈ పడమటి వైపే ఉంది. నిన్న రాత్రి భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి కొలిచాను, ఐలం నుంచి వాయవ్యంగా సరిగ్గా జానెడు.