కేటర్‌హామ్ సెవెన్‌తో ట్రాక్ డేలు: బ్లైటన్, క్యాడ్వెల్, యాంగిల్సీ

ఇంగ్లండ్‌లో ఉంటూ కిట్ కారు, అంటే విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే కారు, కొనాలనుకునే మనవాళ్లు ట్రాక్ డేల (డబ్బు కట్టి సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుల) మాట రాగానే ముందు అడిగేది సిల్వర్‌స్టోన్ గురించి. ఫార్ములా వన్ జరిగే చోటు కాబట్టి ఆ కోరిక సహజమే. కానీ కేటర్‌హామ్ సెవెన్ లాంటి తేలికైన, తలుపుల్లేని బండికి అది తగిన చోటు కాదని నా గట్టి అభిప్రాయం. నిలువు విండ్‌స్క్రీన్, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలతో ఈ కారు పొడవైన స్ట్రెయిట్‌లో గాలికి ఎదురీదుతూ ఉంటుంది, పక్కనుంచి పోర్షేలు దూసుకుపోతాయి. బ్రేక్ వేసే చోట, మలుపు తిరిగే చోట మాత్రం దీన్ని అందుకోవడం చాలా బళ్ల వల్ల కాదు. అందుకే నేనూ మా బావా మలుపులు దండిగా ఉన్న ట్రాక్‌లనే వెతుక్కుంటాం.

మాది 1.6 లీటర్ల ఫోర్డ్ సిగ్మా ఇంజిన్ ఉన్న కేటర్‌హామ్, 125 హార్స్‌పవర్. బరువు 550 కేజీల లోపే. అంటే మన పాత మారుతి 800 కంటే దాదాపు వంద కేజీలు తక్కువ! దీని మూలం 1957లో వచ్చిన లోటస్ సెవెన్. ఆ రోజుల్లో బ్రిటన్‌లో తయారై వచ్చిన కారుకి పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ కంపెనీ చేతికొచ్చాయి. పన్ను పోయినా ఇంట్లో బిగించుకునే సరదా మాత్రం పోలేదు. మా బండి కూడా మా గ్యారేజీలో మేం బిగించిందే.

ప్రయాణానికి ముందు వారాంతమంతా పానాలతోనే గడుస్తుంది. ఇంత తేలికైన బండిలో వైబ్రేషన్ ఎక్కువ కాబట్టి నట్లు వదులవుతాయి. ముందు మడ్‌గార్డులను పట్టుకునే కడ్డీలు, ఎగ్జాస్ట్ బిగింపులు, సస్పెన్షన్ బోల్టులు ఒక్కొక్కటీ పట్టి చూస్తాం. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు పెయింట్ పెన్‌తో ఒక గీత గీస్తాం, సగం బోల్టు మీద, సగం పక్కనున్న లోహం మీద. గీత రెండుగా విడిపోయి కనిపిస్తే బోల్టు కదిలిందన్నమాట. పిట్‌లో ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ విషయంలో నేను అస్సలు రాజీపడను. మేం వాడే డాట్ 4 గ్రేడు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ కాలికింద మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది. సీసా ఫ్లూయిడ్ ఖరీదెంత, ప్రాణం ఖరీదెంత? టైర్లలో గాలి కూడా మామూలు కారు లెక్క కాదు. చల్లగా ఉన్నప్పుడు 18 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, వేడెక్కాక ఎంత పెరిగిందో చూసి తగ్గిస్తాం.

కొత్తవాళ్లు ముందు బ్లైటన్ పార్క్ వెళ్లండి. లింకన్‌షైర్‌లో గెయిన్స్‌బరో దగ్గర, రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్ మీద కట్టిన ట్రాక్. నేలంతా చదును, చుట్టూ పచ్చిక. కారు గిర్రున తిరిగినా గుద్దుకోవడానికి దగ్గర్లో పెద్దగా ఏమీ ఉండదు, కాబట్టి టెన్షన్ లేకుండా నేర్చుకోవచ్చు. చలిగాలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. చూడటానికి అందమేమీ లేదు, రాత్రి ఉండాల్సిన పనీ లేదు.

క్యాడ్వెల్ పార్క్ సంగతి పూర్తిగా వేరు. అదే జిల్లాలో లౌత్ ఊరికి దగ్గర్లో ఉన్నా, అక్కడి నేల కొండలూ లోయలూ. 1934లో మొదలైన ట్రాక్, పొడవు మూడున్నర కిలోమీటర్లు, వెడల్పు తక్కువ. పెద్ద కార్లకి ఇరుకైన ఆ దారి మా బండికి విశాలంగా అనిపిస్తుంది. కాపిస్ అనే మలుపు దగ్గర ఎడమకి ఎక్కుతూ తిరగాలి, వెంటనే చార్లీస్ మలుపు కుడికి లాగుతుంది. గూస్‌నెక్ దిగి మ్యాన్స్‌ఫీల్డ్ దాటాక అసలు పరీక్ష, మౌంటెన్. ఎడమకి, కుడికి తిప్పీ తిప్పగానే ఎదురుగా నిట్టనిలువు ఎత్తు. ముక్కు పైకి లేచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, శిఖరం మీద సీట్లో మన బరువు తేలిపోతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ నేరుగా ఉండాలి, ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదలకూడదు. తర్వాత చెట్ల మధ్య హాల్ బెండ్స్. అక్కడ తప్పు చేస్తే పక్కన జాగా లేదు. అందుకే క్యాడ్వెల్‌లో మొదటి రోజు అరగంటైనా ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. కొత్త టైర్ల కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు అదే.

బస లౌత్‌లో బాగుంటుంది. సెయింట్ జేమ్స్ చర్చి శిఖరం దూరం నుంచే దారి చూపిస్తుంది. మేం మొదట దిగిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ టిఫిన్ ఎనిమిదింటికి ముందు పెట్టలేమన్నారు, పార్కింగ్ వీధిలోనే. తలుపులూ తాళాలూ లేని కారుకి అది కుదరదు. ఉదయం శబ్ద పరీక్ష, రిజిస్ట్రేషన్, బ్రీఫింగ్ అన్నీ తొమ్మిదికి ముందే అయిపోవాలి. ఇప్పుడు గేటు లోపల పార్కింగ్ ఉన్న ఫామ్‌హౌస్ బసలు చూసుకుంటున్నాం. టిఫిన్ సంగతికొస్తే, అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా సీటు వెనక సరిగ్గా పడుతుంది.

శబ్ద పరీక్షని తేలిగ్గా తీసుకోకండి. ఎగ్జాస్ట్‌కి అర మీటరు దూరంలో మీటరు పెట్టి, గరిష్ఠ ఆర్‌పీఎమ్‌లో నాలుగింట మూడొంతులు రేజ్ చేయమంటారు. హద్దు దాటితే డబ్బు తిరిగి రాదు, ఇంటికే. ట్రాక్‌ని బట్టి, రోజుని బట్టి ఆ హద్దు మారుతుంది కాబట్టి బుకింగ్‌లోనే చదువుకోవాలి. మామూలు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద పనిచేయదు, రోజు లెక్కన విడిగా తీసుకోవాలి.

ఒకసారి దారిలో టైరు మార్పించడానికి ఒక గ్యారేజీలో ఆపాం. మేం చెబుతున్నా వినకుండా మెకానిక్ జాకీని అల్యూమినియం ఫ్లోర్ కింద పెట్టి లేపాడు. రేకు లోపలికి సొట్టపోయింది. జాకీ ఛాసిస్ గొట్టాల కిందే పడాలి. ఈ కారు తెలియని చోట మీ జాకీ మీరే పెట్టుకోండి, లేకపోతే ఆపనే ఆపకండి.

ఇక యాంగిల్సీ. వేల్స్ వాయవ్య కొసన ఉన్న దీవి. ఏ55 రోడ్డు మీద బ్రిటానియా బ్రిడ్జి దాటి వెళ్లాలి, మిడ్‌లాండ్స్ నుంచి గంటల తరబడి పట్టే దూరం. అయినా ఒకటే చోటికి వెళ్లగలిగితే నేను దీన్నే ఎంచుకుంటాను. ట్రాక్ ఒక పక్క ఐరిష్ సముద్రం, ఇంకో పక్క దూరంగా స్నోడోనియా కొండలు. రాకెట్ మలుపు దిగుతుంటే నీళ్లలోకే పోతున్నట్టుంటుంది. కార్క్‌స్క్రూ దిగుడులో తేలికైన బండి విలువ తెలుస్తుంది. పైన ఆర్‌ఏఎఫ్ వ్యాలీ అనే వైమానిక దళ స్థావరం నుంచి ట్రెయినింగ్ జెట్లు. "బావా, వాటి శబ్దానికి మీటరు పెట్టరేం?" అన్నాడు మా బావ, హెల్మెట్ తీస్తూ.

బసకి రాస్‌నైగర్ దగ్గర, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వేసవి సెలవుల్లో అద్దెలు మండిపోతాయి, ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో వెళ్లండి. అబెర్‌ఫ్రా వైపు సముద్రం మధ్య నిలిచిన సెయింట్ క్విఫాన్ చర్చి ఉంది. నీళ్లు తీసినప్పుడు నడిచి వెళ్లొచ్చు, పోటు వేళలు ముందే చూసుకోవాలి.

యాంగిల్సీ గాలిలో ఉప్పు ఉంటుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కింద నుంచి కడగండి, మడ్‌గార్డుల లోపల, సస్పెన్షన్ చేతుల మూలల్లో కూడా. ఆరాక పెయింట్ లేచిన గొట్టాల మీద తుప్పు పట్టకుండా వ్యాక్స్ స్ప్రే కొట్టండి. బ్రేక్ డిస్కులకి మాత్రం తగలనివ్వకండి.