ఐవీపీ, సీటీ, డీటీపీఏ: కిడ్నీ పరీక్షల్లో ఏది మేలు?

నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే మా బంధువులు ముందుగా వడపళనిలోని మా ఇంట్లోనే దిగుతారు. కిడ్నీ పరీక్ష రాసిన చీటీ చూపించి అందరూ అడిగేది ఒకటే: "డై ఎక్కిస్తారట, ఏమీ కాదు కదా? ఏది చేయించుకుంటే మంచిది?" పోయిన నెల మా మేనమామకు ఎడమ కిడ్నీ ఉబ్బి ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలింది. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న మనిషి. డై ఎక్కించి కిడ్నీలను, మూత్రనాళాలను చూపే సీటీ యూరోగ్రామ్ అయినా సరే, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే డీటీపీఏ స్కాన్ అయినా సరే అన్నారు డాక్టరు. మేము డీటీపీఏ వైపు మొగ్గాము.

ఐవీపీ సంగతి ముందే చెప్పేస్తాను. 1929లో బెర్లిన్‌లో మొదలైన పాత పద్ధతి ఇది. ముందు రాత్రి విరేచనాల మందు తాగాలి, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లాలి, డై (మూత్రం దారి బొమ్మలో స్పష్టంగా కనపడేలా చేసే అయోడిన్ ద్రవం) ఎక్కించాక విడతలు విడతలుగా ఎక్స్‌రేలు తీస్తారు. ఇప్పుడు దాని పని చాలావరకు సీటీయే చేస్తోంది.

నా లెక్కలో అసలు తేడా నీళ్ల దగ్గరే ఉంది. డై మూత్రంలో చిక్కగా కనపడాలని ఒకప్పుడు ఐవీపీకి ముందు నీళ్లు మాన్పించేవారు. షుగర్ ఉన్నవారికి, వృద్ధులకు అది హాని చేస్తుందని తెలిశాక ఆ పద్ధతి వదిలేశారు. అయినా మన వాళ్ల మనసులో మాత్రం అదే ఉండిపోయింది. "ఏమీ తినకుండా రండి" అని చెబితే నీళ్లు కూడా మానేస్తారు. రెండేళ్ల క్రితం మే నెలలో మా పిన్ని అలాగే చేసింది. తెల్లవారుజామున నెల్లూరులో బయలుదేరి, గుక్కెడు నీళ్లయినా తాగకుండా మధ్యాహ్నం రెండింటి దాకా స్కాన్ సెంటర్‌లో కూర్చుంది. కిడ్నీ పని ఎలా ఉందో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఏదని వాళ్లు అప్పుడు అడిగారు. 1.4 ఉందని చూసి వెనక్కి పంపారు. ఫోనులో సమయం చెప్పినప్పుడే ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఎండలో ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

1.4 అంటే కొంచెమే ఎక్కువ కదా అనిపిస్తుంది. వయసు, ఆడ మగ తేడా కలిపి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, తక్కువైతే పని తగ్గినట్టు) లెక్క కట్టి చూడండి. ముప్ఫై ఏళ్ల యువకుడిలో అదే 1.4కు దాదాపు 69 వస్తుంది. 68 ఏళ్ల మా పిన్నికి దాదాపు 41 వచ్చింది. 30 కంటే తగ్గితే అయోడిన్ డై విషయంలో వైద్యులు బాగా ఆలోచిస్తారు. అందుకే సీటీకి తేదీ తీసుకునే ముందే క్రియాటినిన్ చేయించండి, ఆ అంకెను ఈజీఎఫ్ఆర్‌గా చెప్పమని అడగండి. ఖాళీ కడుపు అన్నప్పుడు నీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో కూడా అడగండి. గుండె జబ్బు వల్ల నీళ్లు తగ్గించుకోమన్న వారు మాత్రం తమ డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

సీటీకి వెళ్లేవారు చూసుకోవలసిన మరో విషయం షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. కిడ్నీ పని తగ్గినవారికి పరీక్ష రోజున దాన్ని ఆపించి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చూసి మొదలుపెట్టిస్తారు. మరో షుగర్ మందు గ్లిమిపిరైడ్‌తో కలిపిన మాత్రల్లోనూ మెట్‌ఫార్మిన్ ఉంటుంది కాబట్టి అట్ట మీద పేరు చూసి సరిపెట్టుకోకుండా మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పికని వాడే డైక్లోఫినాక్ వంటివి కిడ్నీ మీద భారం వేస్తాయి, వాటి సంగతీ దాచవద్దు.

నెల్లూరు వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న మరొకటి ఉంది: "నాకు రొయ్యలు పడవు, డై పడుతుందా?" రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని ప్రొటీన్, అయోడిన్ కాదు. ఇంతకుముందు ఇదే డైకి దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చిందా అన్నది అంతకంటే ముఖ్యం. వచ్చి ఉంటే ముందే చెప్పాలి. కొందరికి పరీక్షకు 13 గంటల ముందు నుంచే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అంటే స్కాన్ గది గుమ్మం దగ్గర గుర్తుచేసుకుంటే ఆలస్యమైనట్టే.

డీటీపీఏలో అయోడిన్ డై ఉండదు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా ఎక్కిస్తారు. ఆరు గంటల్లో దాని ధార్మికత సగమవుతుంది. దీనికి నీళ్లు బాగా తాగి రమ్మంటారు, తర్వాత తరచుగా మూత్రానికి వెళ్లమంటారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ పరీక్షకైనా ముందుగా ఆ సంగతి చెప్పాలి. ఏ కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో డీటీపీఏ విడివిడిగా చెబుతుంది. రాయి ఎక్కడుందో, నాళం ఎక్కడ సన్నబడిందో చూపే శక్తి దానికి లేదు, అక్కడ సీటీయే మేలు. ఎంఆర్ఐ యంత్రంతో తీసే ఎంఆర్ యూరోగ్రామ్ అవసరం కొద్దిమందికే.

మామకు తెలుసుకోవలసింది ఆ ఎడమ కిడ్నీ ఇంకా నిలుస్తుందా అన్నది. అందుకే డీటీపీఏ. పొద్దున ఇడ్లీ తిని, అర లీటరు నీళ్లు తాగి వెళ్లాడు. ఎడమ కిడ్నీ పని 31 శాతం అని వచ్చింది. "ఉంచుకోదగ్గదే అమ్మాయ్" అని ఆ కాగితం నాకు రెండుసార్లు చూపించాడు. ఇప్పుడు రాయి కోసం డై లేని సీటీ రాశారు. దానికి మెట్‌ఫార్మిన్ ఆపనక్కరలేదు.