మూడేళ్లుగా వెళ్తున్న కవితా వర్క్‌షాప్: నోరు మెదపకూడదన్న ఆ ఒక్క నియమం

ప్రతి నెలా రెండో ఆదివారం హైదరాబాద్ నల్లకుంటలో ఒకరింటి మేడ మీద గదిలో ఎనిమిది మందిమి కూర్చుంటాం. పది నుంచి ఒంటిగంట దాకా. మిగతా సంగతులు ఇలాంటివాటికి వెళ్లినవాళ్లకి తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఒక్క నియమం గురించి. మీ కవిత మీరు చదవకూడదు, పక్కవాళ్లు చదువుతారు. తర్వాత పావుగంట దాని మీద మాట్లాడుకుంటారు. అంతసేపూ మీరు నోరు మెదపకూడదు.

ఈ నియమమంటే నాకు ప్రాణం.

మొదటి ఏడాది మా నాన్న మీద రాశాను. ఆయన ఆర్టీసీ కండక్టర్. రెండు కవి సమ్మేళనాల్లో నేనే చదివి చప్పట్లు కొట్టించుకున్న కవిత అది. ఆ రోజు చదివింది రైల్వేలో రిటైరైన పెద్దాయన. నిదానంగా చదువుకుంటూ వచ్చి,

సంచి మేకుకు తగిలించి
జేబులోని పల్లీల పొట్లం
నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాడు నాన్న

అన్నచోట ఆగి, కాగితం ఒళ్లో పెట్టుకున్నారు. నాకు టెన్షన్ మొదలైంది. జిరాక్స్ షాపులో రెండువైపులా తీశారు, వెనక ఇంకా ఏడు లైన్లున్నాయి. చెమట చుక్కలు, త్యాగం, తీరని రుణం అన్నీ అక్కడే ఉన్నాయి. ఎవరూ కాగితం తిప్పలేదు. నేను చెప్పడానికి లేదు. పావుగంటా ఆ పొట్లం గురించే మాట్లాడారు. ఒకావిడ మాట్లాడుతూ మాట్లాడుతూ తన గుప్పిట మూసి చూసుకుంది. నా వంతు వచ్చాక కాగితం తిప్పి చూపిస్తే పెద్దాయన "అయ్యో, చూసుకోలేదమ్మా" అని నొచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఆ ఏడు లైన్లూ కొట్టేశాను. నేనే చదువుతున్నంత కాలం వాటిని నా గొంతు మోసుకొచ్చింది, అందుకే బరువు తెలియలేదు.

అప్పట్నుంచీ రాసేవాళ్లు ఎవరు కనిపించినా చేరమనేదాన్ని. పోయినేడాది నుంచి అంత గట్టిగా చెప్పడం లేదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. కవితలో "గుంట నవ్వింది" అని రాసింది. వాళ్లవైపు గుంట అంటే ఆడపిల్ల. మాలో ఒక్కరికీ తట్టలేదు. వాన నీటితో నిండిన గొయ్యి అని ఒకరు, కాదు సమాధి అని ఇంకొకరు. నేనూ ఏదో ప్రతీక వెతికి చెప్పాను. ఆ పిల్ల పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తన వంతు రాగానే "మా చెల్లి గురించండీ" అని ఒక్క మాట అంది. మళ్లీ నెల రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇప్పుడు, చదవడానికి ముందే యాస మాటలకు అర్థం చెప్పుకోవచ్చని మార్చారు. ముందే ఉండాల్సిన సంగతి ఇది.

నానీలకు, అంటే నాలుగు పాదాల చిట్టి కవితలకు, ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. ఉండేవే 20 నుంచి 25 అక్షరాలు, అక్కర్లేని మాట ఉంటే చదివేవాళ్ల నోటికే తగులుతుంది. పద్యానికి మాత్రం కుదరలేదు. ఒక నెల ఆటవెలది పెట్టుకున్నాం. గణాలు విడగొట్టి, నాలుగో గణం మొదట యతి పడిందో లేదో చూసేవాళ్లు మాలో లేక అక్కడితో వదిలేశాం.

నాకైతే ఆదివారాలు ఖాళీ, పదేళ్లుగా రాస్తున్నాను, ఒక మాట పడినా తట్టుకోగలను. ఈ మూడూ ఉంటే చేరండి. ఇప్పుడిప్పుడే రాస్తున్నవాళ్లు, అందులోనూ సొంత యాసలో రాసేవాళ్లు, మీవైపు మనిషి ఆ గదిలో ఒక్కరైనా ఉన్నారేమో ముందు కనుక్కోండి.