పల్లీ గాబ్లిన్లు, ఒక ఓగ్రే: పోరాటాల లెక్క ఆరేళ్లు వాడాక

2019 నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట ఇది: ఆడేవాళ్లు తలా ఒక హీరో, కథనీ రాక్షసుల్నీ నడిపే నేను డంజన్ మాస్టర్ (డీఎమ్). ఆడేవాళ్లు నలుగురు: మా బావమరిది, ఇద్దరు పాత కొలీగ్స్, పై ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అమ్మాయి. అందరం తెలుగువాళ్లమే కాబట్టి మా డ్రాగన్లు కూడా తెలుగులోనే తిడతాయి. ఈ ఆరేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచిన పేజీ, డంజన్ మాస్టర్స్ గైడ్‌లో పోరాటం ఎంత కష్టంగా ఉంటుందో లెక్కగట్టే పట్టిక. 2014 పుస్తకంలోది అయిదేళ్లు వాడాను. 2024లో కొత్త పుస్తకం వచ్చాక దానికి మారాను.

పాత లెక్క చూడగానే ఐటీ రిటర్న్ ఫైల్ చేస్తున్నట్టు ఉంటుంది. ప్రతి రాక్షసుడికీ ఇన్ని ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) అని ఉంటుంది. ఆడేవాళ్ల లెవెల్‌ని బట్టి నాలుగు గీతలు ఉంటాయి. మూడో లెవెల్‌లో నలుగురుంటే 300 దాటితే తేలిక, 600 దాటితే మధ్యస్థం, 900 దాటితే కష్టం, 1600 దాటితే ప్రాణాల మీదికి వచ్చినట్టే. అక్కడితో అయిపోదు. శత్రువులు ఇద్దరైతే మొత్తాన్ని ఒకటిన్నరతో, మూడు నుంచి ఆరైతే రెండుతో, ఏడు నుంచి పదైతే రెండున్నరతో హెచ్చవేయాలి. ఈ హెచ్చవేతని తిట్టని డీఎమ్ ఉండడు. నేనూ తిట్టాను. కానీ ఆ పట్టిక మొత్తంలో నాకు నిజంగా పనికొచ్చింది అదే.

ఎలాగంటే, ఒక ఓగ్రేకి (భారీ రాక్షసుడు) 450 ఎక్స్‌పీ. ఎనిమిది గాబ్లిన్లకి (పొట్టి రాక్షసులు) తలా 50 చొప్పున 400. పైకి రెండూ ఒకటే బరువు. మా వాళ్లు మూడో లెవెల్‌లో ఉన్నప్పుడు వంతెన మీద ఓగ్రేని పెట్టాను. అది గద ఎత్తి ఒక దెబ్బ వేసేలోపు నలుగురూ తలో దెబ్బ వేశారు. రెండో రౌండ్‌లోనే కూలింది. ఆ తర్వాతి ఆదివారం ఎనిమిది గాబ్లిన్లు. మా దగ్గర బొమ్మలు తక్కువ, అందుకని వేయించిన పల్లీలు పెడతాం. ఎవరు చంపితే వాళ్లే తినాలని రూలు. రాళ్ల వెనక నుంచి రౌండుకి ఎనిమిది బాణాలు, కొట్టిన వెంటనే మళ్లీ దాక్కోవడం. మూడో రౌండుకి మా క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) నేల మీద ఉంది, తిన్నవి రెండే పల్లీలు. పాత లెక్కలో ఆ 400 కాస్తా 1000 అవుతుంది, అంటే కష్టం. సరిగ్గా అదే జరిగింది.

పట్టిక నన్ను నిండా ముంచింది షాడోల (నీడ దయ్యాల) దగ్గర. ఒక్కోదానికి 100, నాలుగు పెడితే హెచ్చవేతతో 800, అంటే మధ్యస్థం. ధైర్యంగా పెట్టేశాను. షాడో తాకితే మామూలు దెబ్బతో పాటు బలం కూడా ఒకటి నుంచి నాలుగు దాకా తగ్గుతుంది, సున్నా అయితే చావే. మా విజార్డ్ (మంత్రగాడు, ఆడేది బావమరిది) బలం 8. మూడు దెబ్బలకి బావమరిది తన షీట్ మీద 8 కొట్టేసి 5, అది కొట్టేసి 3, అది కొట్టేసి సున్నా రాసి పెన్సిల్ పక్కన పెట్టాడు. హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఇంకా మిగిలే ఉన్నాయి. “బావా, ఇది మధ్యస్థమా?” అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ కూడా వాడి పక్షమే. ఎదుటివాడి బలహీనత ఎక్కడుందో ఎక్స్‌పీ చెప్పదు. షీట్లు చూసుకోవాల్సింది మనమే.

ఇంకో తప్పు పూర్తిగా నాది. పోరాటం చప్పగా ఉందనిపించినప్పుడల్లా రాక్షసుడికి గుట్టుగా హిట్ పాయింట్లు పెంచేవాణ్ణి. ఒకసారి ఓగ్రేకి అలాగే చేశాను. రోగ్ (దొంగ పాత్ర) ఆడే కొలీగ్ నోట్‌బుక్ నా వైపు తిప్పాడు. దెబ్బలన్నీ వరసగా రాసుకున్నాడు, మొత్తం 81. “ఓగ్రేకి 59 కదా అన్నా” అన్నాడు మెల్లగా. టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు వాళ్లు ఏ దెబ్బ వేసినా ముందు నా ముఖమే చూశారు. ఇప్పుడు పాచికలు అందరి ముందే వేస్తాను.

మిగిలిన సమస్య విశ్రాంతిది. పాత పుస్తకం అంచనా ప్రకారం ఆటలోని ఒక రోజులో మధ్యస్థమో కష్టమో అయిన పోరాటాలు ఆరు నుంచి ఎనిమిది దాకా జరపొచ్చు. మాకు మూడున్నర గంటల్లో ఒక్కటి పూర్తయితే గొప్ప. వారం వారం లాంగ్ రెస్ట్ (వాడిన స్పెల్స్, అంటే మంత్రాలు, తిరిగొచ్చే రాత్రి విశ్రాంతి) ఇస్తుంటే విజార్డ్ తన స్పెల్స్ అన్నీ ఒక్క పోరాటంలోనే కుమ్మరించేసేవాడు, ‘కష్టం’ అని రాసుకున్నది కూడా తేలికైపోయేది. ఇప్పుడు ఆటలోని ఒక రోజుని మూడు ఆదివారాలకి సాగదీస్తున్నాను. వాడిన స్పెల్స్ చీటీ ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అంటించి ఉంటుంది. నిజం చెప్పాలంటే మా ఆటలో తేడా తెచ్చింది ఈ చీటీయే.

2024 లెక్కలో హెచ్చవేత లేదు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే మెట్లు, తలకి ఇంత బడ్జెట్, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ దీని ప్రకారం నా ఎనిమిది గాబ్లిన్లు 400 మాత్రమే, అంటే ‘తక్కువ’ గీత 600 కూడా అందుకోవు. ఆ రోజు నేల మీద పడున్న క్లెరిక్‌ని అడిగితే తెలుస్తుంది. ఒక్కో హీరోకి ఇద్దరికి మించి శత్రువులుంటే చప్పున చచ్చేవాళ్లని పెట్టమని సలహా ఉంది, సరే. నేను మాత్రం బడ్జెట్ కొత్తది వాడుతూనే, రౌండుకి వాళ్లవి ఎన్ని దెబ్బలు, మనవి ఎన్ని అని పక్కన రాసుకుంటాను. కొత్తగా ఆడించేవాళ్లు 2024దే తీసుకోండి. పాతది ఉన్నవాళ్లు ఆ హెచ్చవేత పేజీ ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి.

కొత్త లెక్క నచ్చేది మా ఊరి ట్రాఫిక్‌కి. పోయిన ఆదివారం ఒకడు సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని ఇక రాలేనని ఫోన్ చేశాడు. మా వాళ్లు ఇప్పుడు అయిదో లెవెల్, మధ్యస్థానికి తలకి 750. నాలుగు నుంచి ఒక తల తీసేసి 2250 అనుకున్నాను, మ్యాప్ మీద నుంచి కొన్ని పల్లీలు తీసి డబ్బాలో వేశాను. టీ చల్లారకముందే ఆట మొదలైంది.