ఇటలీలో ఫ్లోరెన్స్ వెళ్తే ఇన్నొసెంటి అనాథాశ్రమానికి ఒక పూట ఇవ్వండి

ఫ్లోరెన్స్‌కి వచ్చిన మనవాళ్లు చాలామంది మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం చూసి, పెద్ద చర్చి గోపురం ముందు ఫొటోలు దిగి రైలెక్కేస్తారు. డేవిడ్ ఉన్న అకాడెమియా మ్యూజియం నుంచి ఐదు నిమిషాలు నడిస్తే ఇన్నొసెంటి అనాథాశ్రమం. నాకైతే ఊరు మొత్తంలో ఇదే మనసుకు పట్టింది.

ప్రాతో ఊరి వర్తకుడు ఫ్రాంచెస్కో దాతీని 1410లో చనిపోయాడు. దిక్కులేని పసిబిడ్డల కోసం వీలునామాలో వెయ్యి ఫ్లోరిన్లు (అప్పటి బంగారు నాణేలు) రాశాడు. తర్వాత పట్టు వర్తకుల సంఘం ఆ బాధ్యత నెత్తికెత్తుకుని, 1419లో వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి చేత ఆశ్రమం కట్టడం మొదలుపెట్టించింది. 1445 ఫిబ్రవరి 5న మొదటి పాప వచ్చింది. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ, అందుకే పాపకు అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. బిడ్డల్ని పల్లెల్లో పాలిచ్చే తల్లులకు జీతమిచ్చి అప్పగించేవారు. పెద్దయ్యాక మగపిల్లలకు చేతిపని నేర్పించేవారు, ఆడపిల్లలకు కట్నమిచ్చి పెళ్లి చేసేవారు.

ముందున్న కమానుల వసారా చూడటానికి టికెట్ అక్కర్లేదు. కమానుల మధ్య నీలిరంగు పలకల మీద పొత్తిగుడ్డల్లో చుట్టిన పసివాళ్లు చేతులు చాచి ఉంటారు. 1487లో శిల్పి ఆండ్రియా డెల్లా రోబ్బియా చేసినవి. ఎడమ చివర కటకటాల కిటికీ దగ్గర కాసేపు ఆగండి. 1875లో మూసేదాకా బిడ్డల్ని అందులోంచే లోపలికి ఇచ్చేవారు.

లోపల ఇప్పుడు మ్యూజియం. టికెట్ కొని తిన్నగా నేలమాళిగకే వెళ్లండి. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ పేరు. లాగితే సగానికి కోసిన పతకం. రెండో సగం తల్లి దగ్గర ఉండేది, ఎప్పటికైనా వచ్చి బిడ్డను అడగడానికి ఆనవాలుగా. రెండు మూడు తెరిచేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పై అంతస్తులో బొత్తిచెల్లి, గిర్లాందాయో చిత్రాలున్నాయి. టైం తక్కువైతే అవి త్వరగా చూసినా ఫర్వాలేదు.

ఒకప్పుడు బట్టలారేసిన మేడమీద ఇప్పుడు కాఫీ హోటల్. ధర ఎక్కువే, కానీ గోపురం అంత దగ్గరగా కనిపించే చోట కూర్చున్నందుకు నాకు బాధనిపించలేదు. బస ఆశ్రమం ముందున్న కూడలి పక్క సందుల్లో చూసుకుంటే నడక కలిసొస్తుంది. గదులు ఇరుకు. పాత భవనాలు కాబట్టి లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. అద్దె కాక మనిషికి రాత్రికి ఇంతని నగర పన్ను విడిగా కట్టాలి.

ఇంకో పూట మిగిలితే ప్రాతోలో దాతీని ఇల్లు చూసి రావచ్చు, రైల్లో అరగంట. పోర్టా అల్ సెర్రాలియో స్టేషన్‌లో దిగితే నడక తక్కువ.