ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిపోయిందని కారు తెచ్చేసుకోకండి, ముందు సీటు కింద చూడండి

తిరుపతిలో కారుకి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే చాలామంది మొదట వెళ్లేది ఒకే షాపుకి. పేరు రాయడం లేదు, ఊళ్లో కార్లున్నవాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో అర్థమవుతుంది. దయచేసి ఆ పనికి అక్కడికి వెళ్లకండి. ఆయిల్ మార్పించుకోండి, టైర్లు మార్పించుకోండి, అది మీ ఇష్టం, ఎయిర్‌బ్యాగ్ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. మా కారులో ఎడమ వైపు ముందు సీటు సైడ్ ఎయిర్‌బ్యాగ్ రిపేరు చేశామని 8,500 రూపాయలు తీసుకొని, అసలు బ్యాగ్ కనెక్షనే పీకేసి, ఆ వైర్ల మధ్య ఒక రెసిస్టర్ కట్టి పంపించారు. కరెంటుకు అడ్డుపడే చిన్న ముక్క అది, రెండు మూడు రూపాయలు చేస్తుంది. నిన్న ఆ షాపులో జరిగిన మాటలు తలుచుకుంటే రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

ముందు జరిగింది త్వరగా చెప్పేస్తాను. సీటు కవర్లు మార్పించాక డ్యాష్‌బోర్డు మీద ఆ ఎర్ర లైటు మొదలైంది. మామూలుగా తాళం తిప్పగానే అది కొన్ని సెకన్లు వెలిగి దానంతట అదే ఆరిపోవాలి, ఆ కాసేపట్లో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, అంటే బ్యాగులను నడిపే చిన్న కంప్యూటరు, తన వైర్లన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకుంటుంది. మాది ఒక రోజు ఆరేది, సీటు వెనక్కి జరిపిన రోజు మళ్లీ వెలిగేది. షాపులో స్కానర్ పెడితే ఎడమ సైడ్ బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అని కోడ్ వచ్చింది, తెర మీద నేనే చూశాను. సీటు జరిపితే మారుతోంది, కింద వైరు ఒకసారి చూడండని అడిగాను కూడా. ఓనరు వినలేదు. మాడ్యూల్ పోయిందన్నాడు, కొత్తది కంపెనీలో ముప్పై వేల పైమాటే, మేమైతే ఇదే బాగుచేసి ఇస్తామన్నాడు. కారు అక్కడ ఉండగా కుర్రాడు తాళం ఆన్‌లోనే ఉంచి సీటు కిందకు చెయ్యి పెట్టి ఎయిర్‌బ్యాగ్ వైర్లను కలిపే పసుపు కనెక్టర్ లాగుతుంటే నాకు అప్పుడే గుండె ఝల్లుమంది. సాయంత్రానికి లైటు పోయింది. ఒక చిన్న బ్లూటూత్ ముక్క స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో 'కోడ్‌లు లేవు' అని చూపించారు. అలాంటి చవక ముక్కలు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయట, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ దాకా పోనే పోవట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత అమ్మను అదే సీట్లో కూర్చోబెట్టుకొని భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లెకు వెళ్లొచ్చాం. తిరుమల కొండెక్కి దిగాం.

బయటపడింది ఎలాగంటే, మా ఆవిడ చెవికమ్మ జారి సీటు కింద పడింది. టార్చి వేసి వెతుకుతుంటే పసుపు కనెక్టర్ దేనికీ తగలకుండా వేలాడుతోంది, పక్కనే నల్ల టేపు చుట్టిన ఒక ఉండ. చిత్తూరులో మా బామ్మర్దికి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, పెద్దాయన, కారు నేరుగా అక్కడికే తీసుకెళ్లాను. ఆయన పని చూస్తే తేడా తెలిసింది. ముందు తాళం తీయించాడు, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాడు, విప్పి కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, "బ్యాటరీ పీకినా మాడ్యూల్లో కొంచెం కరెంటు నిలవుంటాది నాయనా, అది దిగిపోయేదాకా సీటు ముట్టుకోకూడదు" అన్నాడు. మల్టీమీటర్ కూడా బ్యాగ్ వైపు పెట్టలేదు, మీటరు నుంచి వచ్చే ఆ కాస్త కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉందట. ముందు షాపులో తాళం ఆన్‌లో ఉండగానే లాగిన కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం వాడికి ఎవరూ చెప్పలేదేమో, ఓనరుకైతే తెలియకుండా ఉండదు.

టేపు విప్పి రెసిస్టర్ చూపించి ఆయన చెప్పింది ఇది. సీటు వీపు పక్కన, తలుపు వైపు అంచులో సైడ్ బ్యాగ్ ఉంటుంది. దాన్ని పేల్చే చిన్న నిప్పు పరికరానికి రెండు ఓంల చుట్టుపక్కల రెసిస్టెన్స్ ఉంటుంది. మాడ్యూల్ ఎప్పుడూ ఆ విలువనే కొలుస్తూ ఉంటుంది, అది మరీ పెరిగినా తగ్గినా లైటు వేస్తుంది. అదే విలువ ఉన్న రెసిస్టర్ పెడితే మాడ్యూల్ బ్యాగ్ ఉందనే నమ్ముతుంది, లైటు ఆర్పేస్తుంది. గుద్దుకున్నప్పుడు పేల్చమని పంపే కరెంటు ఆ ముక్కలోకి పోతుంది, ముక్క కాలుతుంది, అంతే. బ్యాగ్ సీట్లో కదలకుండా ఉండిపోతుంది. పసుపు కనెక్టర్ విప్పితే లోపల ఒక చిన్న రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది, పొరపాటున పేలకుండా ఉండటానికి కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. అంటే మా అమ్మ పక్కన ఉన్న బ్యాగ్‌కి ఏ దారిలోనూ కబురు అందదు. ముందు నుంచి గుద్దితే బానెట్టు, కారు ముందు భాగం నలిగి దెబ్బ కొంత తీసుకుంటాయి. పక్క నుంచి లారీ తగిలితే మనిషికీ దానికీ మధ్య ఉండేది ఒక్క తలుపే. సెకనులో వందో వంతుల లెక్కలో అక్కడ బ్యాగ్ తెరుచుకోవాలి, అందుకే ఈ బ్యాగులు పెట్టేది.

మాడ్యూల్‌కి ఏమీ కాలేదు. కనెక్టర్‌లో ఒక పిన్ను వంగి ఉంది, కవర్లు తొడిగినవాళ్లు సీటు విప్పి మళ్లీ బిగించేటప్పుడు సరిగ్గా లాక్ పడనివ్వలేదని ఆయన అనుమానం. సీటు కింద వైరింగ్ ముక్క ఒక్కటి కొత్తది వేస్తే సరిపోతుంది. అతుకులు వేయనన్నాడు, ఎయిర్‌బ్యాగ్ వైర్లలో కాస్త రెసిస్టెన్స్ పెరిగినా తేడా వస్తుంది కాబట్టి ఒరిజినల్ ముక్కే తెప్పిద్దామన్నాడు.

ఇక అసలు సంగతి. ఆ రెసిస్టర్ జేబులో వేసుకొని చిత్తూరు నుంచి నేరుగా షాపుకి వచ్చాను. ఓనరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. టేబుల్ మీద ముక్క పెట్టాను. ఫోన్ పెట్టకుండానే దాన్నొకసారి చూశాడు, వెంటనే గుర్తుపట్టాడు, ముఖంలో రవ్వంత మార్పు కూడా లేదు.

"ఏం సామీ, లైటు పోయిందా లేదా?"

పోయింది అన్నాను.

"మీరేం చెప్పి కారు పెట్టినారు? లైటు వెలగతా ఉండాది, తీసేయండని. తీసేసినాం. ఇంగేం గావల్ల?"

మాడ్యూల్ బాగుచేశామని డబ్బు తీసుకున్నారు కదా, ఆ సీట్లో మా అమ్మ కూర్చుంటుంది అన్నాను. నవ్వాడు. నిజంగా నవ్వాడు, పక్కనున్న ఇద్దరూ నవ్వారు. "సైడు బ్యాగుల్లేని కార్లు ఎన్ని తిరగతా ఉండాయి సామీ రోడ్ల మీద? వాళ్లంతా సచ్చిపోతా ఉండారా?" అన్నాడు.

ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండిపోయింది. సైడ్ బ్యాగ్ లేని కారు నడిపేవాళ్లకు తమకు బ్యాగ్ లేదని తెలుసు. డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి కొత్త కార్లకు చట్టప్రకారం తప్పనిసరి, మా మోడల్‌లో సైడ్ బ్యాగులు మాత్రం పై వేరియంట్‌లోనే వచ్చాయి. లోన్ కొంచెం పెంచుకుని మరీ ఆ వేరియంట్ తీసుకున్నాం, అమ్మ కోసం, పిల్లల కోసం. లైటు వెలుగుతూ ఉన్నన్నాళ్లూ కనీసం బ్యాగ్ పనిచేయదని కారే మాకు చెప్పేది, అమ్మను వెనక సీట్లో కూర్చోమనేవాళ్లం. వీళ్లు ఆ హెచ్చరికను కూడా తీసేశారు. డబ్బు పోతే పోయింది, రిపేరు అయిందని మేం నమ్మి అమ్మను ముందు కూర్చోబెట్టుకున్నాం చూడండి, అది నేను క్షమించలేను.

బిల్లు మీద 'ఎలక్ట్రికల్ వర్క్' అని రెండు ముక్కలు తప్ప ఏమీ లేదు. డబ్బు తిరిగి ఇవ్వమంటే ఎక్కడైనా చెప్పుకోమన్నాడు. బయటకు వస్తుంటే పని చేసిన కుర్రాడు గేటు దాకా వచ్చి మెల్లగా, "అనా, మాకు అట్నే చేయమని చెప్తారనా, అందరికీ అదే ఏస్తాం" అన్నాడు. అందరికీ అట. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఒక్క మాట.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తున్నాను. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, కాబట్టి బిల్లులు పారేయకండి.

మిగతావాళ్లకు చెప్పేది కొంచెమే. ఎయిర్‌బ్యాగ్ పని చేయిస్తే ఏ భాగం మార్చారో బిల్లులో పేరుతో రాయించుకోండి, పాత ముక్క అడిగి తీసుకోండి, కోడ్‌లను ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ చదివే స్కానర్‌లోనే చూపించమనండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు తాళం తిప్పినప్పుడు ఆ లైటు అసలు వెలుగుతోందో లేదో చూడండి, వెలిగి ఆరినా ఊరుకోకుండా సీటు కింద టార్చి వేయండి. పసుపు కనెక్టర్ ఊడి ఉన్నా, టేపు చుట్టి ఉన్నా మీరు చెయ్యి పెట్టకండి, తెలిసినవాళ్లకు చూపించండి. సీటు కవర్లు కూడా పక్కన బ్యాగ్ తెరుచుకునే కుట్టు ఉన్నవే వేయించండి. మేం వేయించిన కవర్లు చిత్తూరు పెద్దాయన చూసి అక్కడే తీయించాడు.

ఆ షాపులో ఎప్పుడైనా ఎయిర్‌బ్యాగ్ లైటు తీయించుకున్నవాళ్లు ఉంటే రేపటిదాకా ఆగకండి, కారు ఎక్కే ముందే సీటు కింద చూసుకోండి.